రెండో చెంప మీద దూది

నా చిన్నప్పుడు మా గల్లీలో చుట్టం అడుగుపెడితే, కాళ్లకు నీళ్లు ఇవ్వకముందే ఒక ప్రశ్న ఎదురయ్యేది: "ఎన్నొద్దులు ఉంటరు?" అది మర్యాద తక్కువై అడిగిన మాట కాదు. ఉండే రోజులను బట్టి సోలాపూర్‌ను ఎంత చూపించాలో, ఏమేం తినిపించాలో ముందే అనుకోవాలి కదా. అశోక్ చౌక్ దగ్గర నేతపనివాళ్ల గల్లీ మాది. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ నిలబడ్డారు. చుట్టాలు ఆ వైపు నుంచే వచ్చేవారు. పరాయి రాష్ట్రంలో మనం బాగానే ఉన్నామని వాళ్లకు నిరూపించాలంటే ఊరు చూపించడం ఒక్కటే దారి.

ఒక్క రోజు ఉండే చుట్టానికి కోట, చెరువు నడుమ సిద్ధేశ్వరుడి గుడి. ఇంకో రోజు ఉంటే నెమళ్లు, పూలు వాటంతట అవే పడుతున్నట్టు కనిపించే చద్దర్లు, అంటే దుప్పట్లు, నేసే మగ్గం, ఆకాశానికి ఆనించి కట్టినట్టుండే మిల్లు పొగగొట్టాలు. మిల్లు భోంగా మోగితే ఊరంతా ఒక్కసారి ఉలిక్కిపడి పనిలో పడడం కూడా చూడదగ్గ వింతే. తిండి సంగతికొస్తే కడక్ భాకరి తప్పదు. జొన్నరొట్టెను అప్పడంలా విరిగేదాకా కాల్చి ఆరబెడతారు, రోజుల తరబడి పాడు కాదు. దాని పక్కన షేంగా చట్నీ. అంటే మన పల్లీ కారమే, కాకపోతే నూనె ఊరేదాకా దంచుతారు. వెళ్లేటప్పుడు సంచిలో ఆ రెండూ కట్టి, పైన ఒక చద్దర్ పెట్టి పంపకపోతే మా గల్లీ పరువు పోయినట్టే.

ఈ చూపించే పని మా గల్లీలో పక్కింటి అక్కది. ఎవరి ఇంటికి ఎవరు వచ్చినా సరే, ఊరు తిప్పాలంటే అక్కనే పిలిచేవారు. ఆమెకప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. మాట్లాడుతున్నా చేతులు ఆగేవి కావు, చేతులు ఆడుతున్నా మాట ఆగేది కాదు. సాయంత్రం ఎక్కడ సభ జరిగినా వెళ్లి వినొచ్చేది. విన్నదాన్ని పొద్దున్నే మా నాయనమ్మ మీద ప్రయోగించేది. శకునాలు అబద్ధమని అక్క, కాదని నాయనమ్మ. "దీని నోట్లె గూడ ఒక బీడీ పెట్టుర్రి, జర ఆగుతది" అనేది నాయనమ్మ. "పెట్టు అవ్వా, నువ్వే ముట్టియ్యి" అని అక్క నవ్వేది. ఆ వాదాల్లో అక్క ఎన్నడూ ఓడిపోలేదు. నాయనమ్మ ఎన్నడూ మారలేదు. ఈ రెండు విషయాలూ ఒకేసారి నిజం కావచ్చునని నాకు అప్పటికి తెలియదు.

ఆ ఏడు శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరకముందు, ఒక మంగళవారం పొద్దున మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, తన బిడ్డను తీసుకొని రైలు దిగింది. ఆ పిల్ల నాకంటే కొంచెం చిన్నది. తలమీదుగా ఒక పాత గుడ్డ కప్పి, ఎడమ చెంప కనబడకుండా గదవ కింద ముడి వేసి ఉంది. "ఎన్నొద్దులు ఉంటరు?" అని గల్లీ వాళ్లు అడిగారు. శుక్రవారం పొద్దుటి రైలుకు పోతామంది చిన్నమ్మ. "అయితే మస్తు చూడొచ్చు" అన్నారెవరో. చిన్నమ్మ తల వంచుకుంది. ఆమె ఊరు చూడడానికి రాలేదు.

పిల్ల ఎడమ చెంప మీద పాలిపోయిన మచ్చ ఒకటి వచ్చింది. ఊళ్లో ఎవరో దాన్ని "పెద్దరోగం" అన్నారు. కుష్టు అనే పేరు నోటితో పలకడానికి భయపడే జనం, దాన్ని ఒక పసిపిల్ల నెత్తిన పెట్టడానికి మాత్రం భయపడలేదు. బళ్లో మూలకు కూర్చోబెట్టారట. తర్వాత రావద్దన్నారట. ఇంట్లో కంచం వేరు, చెంబు వేరు. కండెలు చుట్టడానికి మాత్రం ఆ చేతులు పనికొచ్చాయి. ఆ నూలుతో నేసిన బట్ట ఎవరికీ అంటురోగం అనిపించలేదు. మన భయాలకు ఎప్పుడూ ఇంత తెలివి ఉంటుంది. లాభం ఉన్నచోట కళ్లు మూసుకుంటాయి.

మా ఇంట్లో అప్పుడు తువ్వాళ్లు నేసేవాళ్లు. గోడ వెంట మడతలు నడుం ఎత్తు ఉండేవి. ఆ ఇంట్లో ముఖం కడుక్కున్న ఆ పిల్ల గౌను అంచుతో తుడుచుకోవడం నేను చూశాను. ఎవరూ వద్దనలేదు. ఎవరూ ఇవ్వలేదు.

సంగతి ఏమిటంటే, హోట్గి రోడ్ దాటాక పొలాల్లో ఒక బువా ఉండేవాడు. మంత్రం వేసే మనిషిని మా వైపు బువా అంటారు. ఆయన గురువారం మాత్రమే, ఎండ ఎక్కకముందు, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో మచ్చ మీద వాత పెడతాడు. రోగం అక్కడికక్కడే కాలిపోతుందని చెప్పేవారు. నాయనమ్మ కబురు పంపింది, చిన్నమ్మ వచ్చింది. కాల్చిన చోట పాత మచ్చ కనిపించదన్నది నిజమే. దాని స్థానంలో చచ్చేదాకా ఉండే ఇంకో మచ్చ వస్తుంది. ఆ రెండోదాన్ని మాత్రం అందరూ వైద్యం అనేవారు. చిన్నమ్మను నేను నిందించను. బిడ్డను వెలివేసిన ఊళ్లోకి మళ్లీ తీసుకుపోవాలంటే ఆమెకు ఏదో ఒక సాక్ష్యం కావాలి. కాలిన చెంపను మించిన సాక్ష్యం ఆ ఊరికి అక్కర్లేదు.

సాయంత్రం అక్క వచ్చింది. గుడ్డ ముడి విప్పి పిల్ల ముఖం చూసింది. బువా సంగతి విన్నది. ఇక మొదలవుతుంది యుద్ధం అనుకొని నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. అక్క నోరు తెరవలేదు. నాయనమ్మ కూడా వాదానికి సిద్ధపడి, రాకపోయేసరికి కొంచెం నిరాశపడినట్టే కనిపించింది. కాసేపటికి అక్క పిల్ల పక్కన కూర్చొని, "ఏమే పిల్లా, కోట చూసినవా?" అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. "భజీలు తిన్నవా ఈడ?" మళ్లీ అడ్డంగా ఊపింది. అక్క చిన్నమ్మ వైపు తిరిగింది. "చిన్నమ్మా, వాత గురువారం గదా. నడుమ బుధవారం ఖాళీ ఉన్నది. సోలాపూర్ వచ్చి సోలాపూర్ చూడకుంట పోతె మా గల్లీకే నామోషీ. రేపు తిప్పుకొస్త."

చిన్నమ్మ వద్దంది. జనం చూస్తారంది. "గుడ్డ కప్పుకొని రానియ్యి. ఎండకు కప్పుకున్నదనుకుంటరు. ఇంట్ల ఉండి మాత్రం ఏం జేస్తవ్? ఎల్లుండిదాక గా చువ్వనే తల్చుకుంట కూసుంటవా?" అంది అక్క. నాయనమ్మకు కూడా ఇందులో తప్పు దొరకలేదు. చుట్టానికి ఊరు చూపించకపోవడం ఆమె శాస్త్రంలోనూ పాపమే.

మర్నాడు నన్ను బడి మానిపించి వెంట తీసుకుపోయింది. మొదట కోట. లోపలి తోటలో తిరిగి, బురుజు ఎక్కి చూస్తే అవతల చెరువు, చెరువు నడుమ గుడి. పిల్ల అంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ నిలబడి మెల్లగా అడిగింది: "అక్కా, వానకాలం దేవుడు తడవడా?" అక్క గంభీరంగా ముఖం పెట్టింది. "తడుస్తడు. పాపం, తువ్వాల ఇచ్చెటోళ్లే లేరు." పిల్ల నవ్వాలా వద్దా అని తల్లి వైపు చూసింది. తల్లి పెదవి కూడా కొంచెం కదిలింది.

గోడ నీడలో కూర్చొని తిండి మూట విప్పాం. కడక్ భాకరి పిల్లకు కొత్త. అక్క మోకాలి మీద పెట్టి విరిస్తే ఠప్పుమంది. పిల్ల ఈసారి నిజంగానే నవ్వింది, ఇంకోటి విరవమంది. భాకరి ముక్కల మీద పెరుగు, దాని మీద పల్లీ కారం, పక్కన ఉల్లిగడ్డ. కారం ఎక్కువై కళ్లలో నీళ్లు తిరిగినా ఆగకుండా తిన్నది. తర్వాత చౌక్‌లో వేడి భజీలు తిన్నాం. చద్దర్ల మగ్గం ముందు నిలబడి నెమలి మెడ ఒక్కొక్క పోగుగా పైకి రావడం చూశాం. చిన్నమ్మ తన ఊళ్లో సాదా చీరలు నేసే మనిషి. ఆ మగ్గం ముందు తాను వచ్చిన పని మరిచిపోయి, మా గల్లీ నేతగాణ్ని "ఈ తోక పోగులు ఎట్ల తప్పవు?" అని నిలదీసింది. ఆమె ముఖంలో మనిషి తిరిగొచ్చినట్టు నాకు అనిపించింది. వచ్చిన దగ్గర్నుంచి ఆమె తలెత్తి మాట్లాడడం అదే మొదలు.

చెరుకు రసం బండి దగ్గర ఆ ముఖం మళ్లీ ముడుచుకుంది. బండివాడు అందరికీ గ్లాసులు ఇస్తుంటే, చిన్నమ్మ కొంగు చాటు నుంచి ఒక చిన్న చెంబు తీసి, పిల్లకు అందులో పోయమంది. బండివాడు వింతగా చూశాడు. పిల్ల సగం తాగి ఇక చాలంది. అక్క ఆ చెంబు అందుకొని మిగిలిన రసం గటగటా తాగేసింది. మూతి తుడుచుకొని, "నిమ్మకాయ జర తక్కువైంది" అంది. ఆ తర్వాత ఎన్నో సభల్లో సమానత్వం మీద ఉపన్యాసాలు విన్నాను, నేనూ దంచాను. ఆ ఒక్క గుటక ముందు అవన్నీ నీళ్ల రసమే.

అక్కడి నుంచి రెండు మలుపులు తిరిగితే పెద్ద రాతి కట్టడం వచ్చింది. వరండాల నిండా జనం. చిన్నమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఇదేంది? ఇది దవాఖాన గద."

"అవ్ చిన్నమ్మా. ఇది గూడ సోలాపూర్ల చూసేదే."

చిన్నమ్మకు అర్థమైంది. కోట, భజీలు, నెమలి, రసం, అన్నీ ఈ గేటు కోసమేనని. "నన్ను మోసం జేస్తివి! తినవెట్టి, నవ్వవెట్టి ఈడికి తీస్కస్తివా? అదే రోగమని వీళ్లు అన్నరనుకో, పిల్లను ఎత్కపోయి యాడనో పడేస్తరు. బువా అయితె కాల్చి నా బిడ్డను నాకే ఇస్తడు!"

ఆమె భయం బువా మీది భక్తి కాదు. బిడ్డ చేజారుతుందన్న భయం. అక్క కూడా ఆ మాట ముందు ఊహించినట్టు లేదు. తర్వాత చిన్నమ్మ చేయి పట్టుకుంది.

"మోసమే జేసిన. ఇంట్ల చెప్తే వస్తుంటివా? పిల్లను ఎవ్వరు ఎత్కపోరు. మా లెక్కనె బీడీలు చుట్టే ఒకామెకు గిట్లనే జూసిండ్రు, గోలీలిచ్చి ఇంటికే పంపిండ్రు. రేపు బువా యాడికి పోడు, చువ్వ యాడికి పోదు. ఇయ్యాల దూదితోని చూస్తరు. రేపు ఇనుముతోని చూస్తరు. ముందుగాల ఏది చూపియ్యాల్నో నువ్వే చెప్పు. వద్దంటె ఇట్లనే ఇంటికి మర్రిపోదాం."

చిన్నమ్మ మెట్టు మీద కూలబడింది. అక్క ఇంకో మాట మాట్లాడలేదు. అంత మాటకారి, అక్కడ నోరు మూసుకొని నిలబడడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. చివరకు మాట్లాడింది పిల్ల. తల్లి మోకాలు పట్టుకొని అడిగింది: "అమ్మా, బువా కాలిస్తె మస్తు మండుతదా?"

చిన్నమ్మ లేచింది.

లోపల ఒక లేడీ డాక్టరు. మరాఠీ మనిషి. అక్క నడుమ ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది. డాక్టరు ముందు పిల్ల మెడ పక్కన, మోచేతుల దగ్గర వేళ్లతో తడిమి చూసింది. తర్వాత చిటికెడు దూదిని పోగులా సన్నగా పురి తిప్పి పిల్లకు చూపించింది. కళ్లు మూసుకోవాలి, ఏదైనా తగిలినప్పుడు ఆ చోట వేలు పెట్టి చూపించాలి. ఈ రోగంలో మచ్చ ఉన్నచోట స్పర్శ తెలియకుండా పోతుందట. అక్క తెలుగులో రెండుసార్లు చెప్పింది. పిల్ల తల ఊపి కళ్లు మూసుకుంది.

డాక్టరు మచ్చ మీద దూదితో తాకింది. పిల్ల చేయి కదల్లేదు.

మళ్లీ తాకింది. చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి.

చిన్నమ్మ నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు, ఏదో తెగిన శబ్దం. కొంగు నోట్లో కుక్కుకొని గోడవైపు తిరిగింది. పొద్దుటి నుంచి అక్క ఆడిన ఆటంతా ఇప్పుడు ఆమె మీదికే తిరిగింది. ఆ గదిలో తీర్పు అయిపోయిందని అందరమూ నమ్మాం. డాక్టరు ఒక్కతే నమ్మలేదు. ఆమె అదే దూదిని పిల్ల కుడి చెంప మీద, ఏ మచ్చా లేని చెంప మీద తాకించింది.

పిల్ల చేయి అప్పుడూ కదల్లేదు.

నుదుటి మీద తాకింది. గదవ మీద తాకింది. లేదు. డాక్టరు దూది పక్కన పెట్టి, కళ్లు తెరవమని, ఏమీ తెలియలేదా అని అడిగించింది.

"తెల్సింది" అంది పిల్ల.

"మరి వేలు పెట్టవేందే?" అని అక్క దాదాపు అరిచింది.

పిల్ల బిక్కముఖం వేసింది. తల్లి వీపు వైపు చూస్తూ, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "ముఖం మీద దూది వడితె చెయ్యి లేపొద్దు గద. పోగు తెగుతది."

అక్కడున్న ముగ్గురం నేతవాళ్ల ఇళ్లలో పెరిగినవాళ్లమే. కండెలు చుట్టే పిల్లలకు మొదటి పాఠం అదే. నూలు నుంచి లేచే దూది నుసి ముఖం మీద వాలుతూనే ఉంటుంది, దురద పెడుతుంది, అయినా చేయి పైకి పోకూడదు. పోతే పోగు తెగుతుంది, దెబ్బ పడుతుంది. నాకూ పడింది. పిల్లకు దూది తగలడం అంటే తగలడం కాదు, ఓర్చుకోవలసింది. ఆ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అక్క మరాఠీలో వివరిస్తుంటే డాక్టరు ముందు నమ్మలేనట్టు చూసి, తర్వాత పెద్దగా నవ్వింది. ఈసారి ఒక కాగితం మూల మడిచి తాకింది. ఎడమ చెంప మీద తాకగానే పిల్ల వేలు సూటిగా మచ్చ నడుమకు పోయింది. కుడి చెంప, నుదురు, గదవ, ఎక్కడ తాకితే అక్కడికి. చిన్నమ్మ గోడవైపు నుంచి ఎప్పుడు తిరిగిందో, కొంగు నోట్లో అలాగే పెట్టుకొని చూస్తోంది.

ఇది ఆ రోగం కాదంది డాక్టరు. పిల్లల ముఖాల మీద ఇలాంటి పొడి మచ్చలు వస్తుంటాయి, పోతుంటాయి. రాయడానికి మందు ఇచ్చింది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పమంది. ఒకవేళ ఆ రోగమే అయినా గోలీలతో నయమవుతుంది, బిడ్డను ఎవరూ తల్లి దగ్గర నుంచి లాక్కోరు, ఏ రోగానికీ చెంప కాల్చడం మందు కాదు. చిన్నమ్మ ఒక్కటే అడిగింది. "మరి ఎవ్వరి పాపానికి వచ్చింది?" అక్క దాన్ని మరాఠీలోకి మార్చలేదు. "పాపానికి మచ్చలొస్తె చిన్నమ్మా, మన ఊరి పెద్దమనుషుల ముఖాల నిండ మచ్చలే ఉంటుండె" అని తనే జవాబు చెప్పింది.

ఇక్కడ కథ అయిపోయిందని చెప్పుకుంటే బాగుంటుంది. మనుషులు అంత తొందరగా మారరు. ఇంటికొచ్చాక నాయనమ్మ కొట్టిపారేసింది. "దూదితోని రోగం తెలుస్తదా? బువాకు మాటిచ్చినం. తెల్లారెవరకు టాంగ వస్తది." మా నాయన టాంగావాడికి ముందే చెప్పి ఉంచాడు. అక్క నాయనమ్మతో ఈసారి వాదించింది, ఎప్పటిలాగే గెలిచింది, ఎప్పటిలాగే ఏమీ మారలేదు. చిన్నమ్మ పిల్లకు మందు రాయలేదు, పారేయనూ లేదు.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చి చూస్తే పక్కన పిల్ల లేదు. మగ్గం గదిలోంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. తలుపు సందులోంచి చూశాను. మగ్గం కింద పేరుకున్న దూది నుసిలోంచి చిటికెడు తీసి, చిన్నమ్మ డాక్టరు చేసినట్టే పురి తిప్పింది. "కండ్లు మూసుకో బిడ్డా. తగిల్తె చెయ్యి లేపు. లేపొచ్చు. నేను చెప్తున్న గద, ఏమనను." ఎడమ చెంప మీద తాకించింది. వేలు వచ్చింది. కుడి చెంప మీద తాకించింది. వేలు వచ్చింది. తర్వాత ఒక పని చేసింది, అది డాక్టరు కూడా చేయలేదు. చేయి చెంప దాకా తీసుకుపోయి, తాకకుండా ఆపింది. ఊపిరి బిగపట్టి చూసింది. పిల్ల వేలు కదల్లేదు. అప్పుడు మళ్లీ తాకించింది. వేలు వెంటనే మచ్చ మీదికి పోయింది.

నేను బతుకంతా హేతువాదం గురించి రాశాను. అది ఏమిటో నాకు చూపించింది మాత్రం అక్షరం రాని మా చిన్నమ్మ. బువా మాట నమ్మడం మానేసి డాక్టరు మాట నమ్మితే, ఒక పెద్దమనిషిని వదిలి ఇంకో పెద్దమనిషిని పట్టుకున్నట్టే. ఆమె ఎవరినీ పట్టుకోలేదు. తన చేత్తో, తన బిడ్డ చెంప మీద, తానే చూసుకుంది.

టాంగా వచ్చింది. నాయనమ్మ కొబ్బరికాయ సంచిలో వేసి ఇచ్చింది. చిన్నమ్మ పిల్లను ఎక్కించి తానూ ఎక్కింది. అక్క తన గడపలో నిలబడి చూస్తోంది. రాత్రి నిద్రపోనట్టు ముఖం ఉబ్బి ఉంది. ఆమె అడ్డం పడుతుందనుకున్నాను, అడ్డం పడలేదు. టాంగా కదలబోతుండగా చిన్నమ్మ ఆమెను కేకేసింది.

"ఏం జూస్తున్నవే అట్ల? ఎక్కు. టాంగ ఎట్లగూ వచ్చె, కొబ్బరికాయ గూడ ఉండె. ఇయ్యాల ఏం చూపిస్తవ్?"

పిల్ల తలమీద గుడ్డ లేదు. ఆ సంగతి అప్పటిదాకా నేను గమనించనేలేదు. అక్క ఒక్క ఉరుకున వచ్చి ఎక్కింది. నాయనమ్మ "అటు కాదు, హోట్గి రోడ్ ఇటు!" అని వెనక నుంచి అరుస్తూనే ఉంది. కొబ్బరికాయను మేం చెరువుగట్టు మీద కొట్టుకొని బెల్లంతో తిన్నాం.

శుక్రవారం వాళ్లు వెళ్లిపోయారు. ఊళ్లో వాళ్లను ఒప్పించడానికి చిన్నమ్మ చాలా రోజులు పోరాడవలసి వచ్చిందని, బడి గడపలో కూర్చొని పంతులు ముందే పిల్ల కళ్లు మూయించి దూది పెట్టి చూపించిందని తర్వాత తెలిసింది. మచ్చ ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. అక్క ఇప్పుడు ఊరి బయట, బీడీ కార్మికుల కుంభారి కాలనీలో ఉంటుంది. బస్సెక్కి వెళ్తుంటాను. వేళ్లు వంగిపోయాయి గాని నోరు మాత్రం అలాగే ఉంది. ఆ రోజు సంగతి ఎత్తితే, దవాఖాన మెట్టు మీద తాను ఎందుకు ఊరుకుందో చెప్పింది. ఇంకొక్క మాట మాట్లాడి ఉంటే చిన్నమ్మ లేచి వెళ్లిపోయేదట.

ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఆ రెండో చెంపను. వితంతువు ఎదురొస్తే పడుగు తెగుతుందని నాయనమ్మ అంటే, ఎవరూ ఎదురుకాని రోజు ఎన్నిసార్లు తెగిందని అడగడం నేర్చుకున్నాను. ఫలానా కులంవాళ్లు మోసగాళ్లని సభలో ఎవరైనా లేచి అంటే, మీ వాళ్లలో లెక్క చూశారా అని అడిగాను. తిట్లు తిన్నాను, ఒకసారి రాయి కూడా తగిలింది. అయినా అడగడం మానలేదు. కష్టమంతా ఇంకోచోట ఉంది. నాకు నచ్చిన మాట ఎవరైనా చెప్పినప్పుడు, నా పక్షం గెలుస్తున్నప్పుడు, చప్పట్లు మోగుతున్నప్పుడు కూడా అదే దూదిని నా చెంప మీద పెట్టుకోవాలి. పెట్టుకున్న ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గుతుంది. ఎదుటివాళ్లు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొని వినడం మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే.